తాడు లాగకురా అల్లుడా!

సముద్రానికి ఇసుకను గట్టుగా పెట్టి, ఆ నీళ్లలోంచే మా కళింగపట్నం వాళ్లకు కూడు పెడుతున్న దేవునికి ముందుగా స్తోత్రం. ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, నాకు ఇరవయ్యేళ్లు. ప్రసంగికుల శిక్షణలో ఒక్క ఏడాది చదివి ఊరందరినీ మార్చేయగలననుకునే వయసు. మొదట మార్చవలసింది మా మేనమామనని తీర్మానించుకున్నాను. ఆయనకు సొంత పెద్దవల ఉండేది. ప్రార్థనకు రమ్మంటే "ఆదివారమని సేపలు సెలవెడతాయేట్రా?" అనేవాడు.

ఆ వేసవిలో మా సంఘానికి అతిథిగా వచ్చిన దొర ఒకాయన, కాళ్లకు రెండు పొడవాటి చెక్కలు (స్కీలంటారట) తొడుక్కుని, మోటారు పడవకు కట్టిన తాడు పట్టుకుని వంశధార మీద నిలబడి సాగిపోతుంటే ఊరంతా ఒడ్డుకు చేరింది. నాకూ నేర్పుతానన్నాడని నేను గొప్పగా చెప్పగానే మావ అందరి ముందూ అన్నాడు: "ఒరే అల్లుడా, నువ్వలాగ నిల్సుంటే ఈ ఆదివారం మీ గుడికొస్తాను. ఇది నా మాట." ఒక ఆత్మ రక్షణ నా మోకాళ్ల మీద ఆధారపడింది! (మోకాళ్ల ప్రార్థన నాకు అలవాటే గానీ, ఇది వేరు.)

"మోకాళ్లు ముడుచుకొని నీళ్లలో కూర్చుండుము, చేతులు చాపి ఉంచుము, పడవయే నిన్ను లేపును" అన్నాడు దొర తన పుస్తకాల తెలుగులో. అంతా అర్థమైంది. కానీ దొర నడుపుతున్న పడవ కదిలి తాడు బిగుసుకోగానే, చిన్నప్పటి నుంచి వల లాగిన నా చేతులు నా మాట వినలేదు. బిగిసిన తాడంటే మా వాళ్లకు ఒకటే అర్థం: లాగాలి. లాగాను, వెల్లకిలా పడ్డాను. ఒడ్డున మావాళ్లు సాయంగా, వల లాగేటప్పుడు పాడే "హైలెస్సా!" అందుకున్నారు. ఇంకా బలంగా లాగి, ఇంకా గట్టిగా పడ్డాను. ఐదోసారి తాడు వదలకుండా పడి సగం నదిని తాగేశాను. చివరికి మావే మొలలోతు నీళ్లలోకి దిగి అరిచాడు: "ఒరే, అది వల కాదురా! నువ్వు లాగకు, ఆడ్నే లాగనీ! నీ పని ఒట్టిగ పట్టుకోడమే!"

ఆరోసారి లాగలేదు. లేచాను! ఒడ్డున రెండు కొబ్బరిచెట్లు దాటేదాకా నిలబడ్డాను. ఈదుకుంటూ వచ్చి "మావా, ఆదివారం?" అన్నాను రొప్పుతూ.

"నువ్వెక్కడ నిల్సున్నావురా? ఆ పడవ నిలబెట్టినాది" అని వెళ్లిపోయాడు.

ఆదివారం మావ రాలేదు. నేను మాత్రం గుడిలో సాక్ష్యమిస్తూ, "మనం లాగకూడదు, ప్రభువునే లాగనివ్వాలి, మన పని పట్టుకోవడమే" అని, నాకే తోచినట్టు చెప్పేశాను. ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. ఆ సంగతి ఊళ్లో విని మర్నాడు మావ మా వాకిట్లో నిలబడ్డాడు. "నా మాటకి నా పేరెట్టవేట్రా? వచ్చే వారం నేనే వచ్చి ఇంటాను, ఎలాగ సెప్తావో సూస్తాను!"

వచ్చాడు. తలుపు పక్కన కూర్చున్నాడు. ఆ మాట ఆయనదేనని పేరుతో సహా చెప్పాను. తలపాగా సర్దుకుని, సంఘమంతా వినేలా "సరే, బావున్నాది. ఇంకేటున్నాది, సెప్పు" అన్నాడు.

మావను గుడిదాకా రప్పించింది నా చిన్న దొంగతనమేనని తలచుకుంటే, ఆ ఇరవయ్యేళ్ల ప్రసంగికుడి మీద ఇప్పటికీ నవ్వూ జాలీ కలిసి వస్తాయి. మన తప్పులతోనైనా తన పని జరిపించుకునే తండ్రిని, ఎవరి మాట వారిదేనని ఒప్పుకునే మనసు మనకిమ్మని, చదువుతున్న మీరూ నాతో కలిసి ఒక్క నిమిషం వేడుకోండి.