ఎండవైపు సీటు

తుఫాను వెళ్ళాక ఇంకా కరెంటు రాలేదు. సుమ్మాదేవి స్టేషన్లో నా పక్కన కూర్చున్న మత్స్యకార స్త్రీ, పాడైన సోలార్ లైటు పలకకి ఛార్జర్ వైరు కోసి అతికించి, తన చిన్న ఫోన్‌కి తగిలించింది. ఎండుచేపలు తిప్పినట్టు ఆ పలకను ఎండకు తిప్పుతూనే ఉంది.

"మా ఆయన పడవ ఏ ఒడ్డుకి కొట్టుకుపోయిందో తెల్దు. ఎతకడానికెల్తన్నాను" అంది.

"నా ఫోన్లో ఛార్జింగుంది. దీంతో మాట్లాడమ్మా" అన్నాను.

"వద్దు బాబూ. ఆయన ఫోను నీళ్లపాలైపోయుంటాది. ఎవుల ఫోనడిగినా నాకే సేత్తాడు. ఆయనకి ఈ నెంబరొక్కటే నోటికొచ్చు."

రైలొచ్చింది. ఎండ పడే కిటికీ సీటు నాకు దొరికితే ఆమెకిచ్చాను. పలకను ఊచలకు కట్టేసింది.

ఆ తర్వాత ఏ రైల్లోనూ ఎండ పడుతోందని నేను కిటికీ మూయలేదు.