చాండ్లర్ నుంచి గార్డెనాకు: హన్నా తొలి సుమో పోటీ

నేను ఇరవై ఏళ్లుగా సుమో చూస్తున్నాను. ఈ మాట అనగానే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూస్తారు. నేను అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీర్ని. బక్కపలచటి మనిషిని. పెళ్లయిన కొత్తలో కంపెనీ నన్ను మిషన్ల ట్రైనింగ్ కోసం మూడు నెలలు జపాన్‌లోని కుమామోటోకి పంపింది. భాష రాదు, తెలిసినవాళ్లు లేరు. సాయంత్రం హోటల్ క్యాంటీన్‌లో కూర్చుంటే అక్కడి వంటావిడ టీవీలో సుమో పెట్టేది. ఇద్దరు భారీ మనుషులు ఎదురెదురుగా వంగి కూర్చుని, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని, ఒక్కసారిగా ఢీకొనేవాళ్లు. వలయం దాటినా, అరికాళ్లు తప్ప ఒంట్లో ఇంకేది నేలకు తగిలినా ఓటమే. అర్థం కావడానికి భాష అవసరం లేని విషయం ఆ మూడు నెలల్లో అదొక్కటే దొరికింది నాకు.

అప్పటినుంచి ఏటా జరిగే ఆరు టోర్నమెంట్లలో ఒక్కటీ వదల్లేదు. నాకు నచ్చేది బలం కాదు. అక్కడ ఈల ఊదేవాళ్లు ఉండరు. ఇద్దరూ చేతులు నేలకు ఆనించి, ఊపిరి కుదిరాక, వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు. గెలిచినవాడు ఎగిరి గంతులేస్తే తప్పుగా చూస్తారు. నచ్చనివీ ఉన్నాయి. ఆడకపోతే ర్యాంకు పడిపోతుందని మోకాలికి కట్టు కట్టుకుని దిగే మల్లుల్ని చూడలేను. అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. ప్రొఫెషనల్ సుమో బరి మీద ఆడవాళ్లు కాలు పెట్టకూడదు. ఆ సంప్రదాయం వాళ్లది, నేను బయటి మనిషిని, నాకెందుకులే అని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. ఇక అలా సర్దిచెప్పుకోనివ్వకుండా చేసింది మా అమ్మాయి హన్నా.

చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని సుమో చూసిన పిల్ల. పదకొండో ఏట ఒకరోజు "అమ్మా, గర్ల్స్ ఎప్పుడు వస్తారు?" అని అడిగింది. రారని చెప్పాను. ఎందుకని అడిగింది. అది వాళ్ల సంప్రదాయం అన్నాను. "అయితే నాకు కూడా వాళ్లు వద్దు" అని లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. ఐదేళ్లు మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఈలోపు పొడుగ్గా, బలంగా, పెద్ద పిల్ల అయింది. మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో ఒక ఆంటీ ప్రేమగానే "కొంచెం తగ్గమ్మా" అనేది. హన్నా నవ్వి, ప్లేటులో పెట్టుకున్న బిర్యానీ సగంలో వదిలేసేది. పోయినేడు వేసవి చివర్లో వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి చెప్పింది: "పక్కనే మీసా సిటీలో సుమో క్లబ్ ఉంది. గర్ల్స్ కూడా చేస్తారు. నేను జాయిన్ అవుతా. నువ్వు ఎగ్జైట్ అవ్వొద్దు, ఓకే?" ఎగ్జైట్ అవ్వలేదని చూపించడానికి నేను గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. అప్పటికే తోమేసిన గిన్నెలు.

అలా ఈ జూన్‌లో హన్నా మొదటి పోటీకి లాస్ ఏంజిలెస్ పక్కనున్న గార్డెనాకు బయల్దేరాం. మా ఆయన జాన్సన్‌కి ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ, ఊరు వదలకూడదు, అందుకని మేమిద్దరమే. శుక్రవారం తెల్లవారకముందే కారెక్కాం. ఎడారి మీద ఎండ ముదిరేలోగా సగం దూరం దాటేయడం మంచిది. తాళం తిప్పేముందు నేను తల వంచగానే హన్నా "షార్ట్ ప్రేయర్, ప్లీజ్" అంది. గెలిపించమని అడగలేదు. మోకాళ్లు కాపాడమని మాత్రం అడిగాను. హైవే టెన్ ఎక్కితే ఇక దాదాపు అదే దారి. కాలిఫోర్నియాలో పెట్రోలు ధర బాగా ఎక్కువ. అందుకే రాష్ట్రం దాటేముందు క్వార్ట్‌జ్‌సైట్‌లో ట్యాంకు నింపి, అక్కడే కాఫీ తాగాం. వేసవిలో రెండు రాష్ట్రాల గడియారాలు ఒకటే కాబట్టి టైమ్ లెక్క తప్పదు. బ్లైత్ అనే ఊరు దాటాక చాలాసేపు ఊళ్లుండవు, ఫోన్ సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. నేను కట్టుకొచ్చిన పులిహోర డబ్బా హన్నా పామ్ స్ప్రింగ్స్ గాలిమరలు కనిపించేలోపే ఖాళీ చేసింది. ఒక్క మెతుకు మిగల్లేదు. ఆ ఖాళీ డబ్బా చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మధ్యాహ్నానికి గార్డెనా చేరి, మోటెల్‌లో సామాను పడేసి, పోటీ జరిగే కమ్యూనిటీ సెంటర్‌కి వెళ్లాం. మోటెల్ గది రాత్రికి నూట ముప్ఫై డాలర్లు. అక్కడ నుంచి సెంటర్‌కి నడిచి వెళ్లొచ్చు, పార్కింగ్ గొడవ ఉండదు. ఆ సాయంత్రం బరువు చూసే కార్యక్రమం. హన్నా ఎన్నో ఏళ్లుగా డాక్టర్ దగ్గర కూడా కాటా అంకెల వైపు వీపు పెట్టి నిలబడే పిల్ల. ఇక్కడ అందరి ముందూ ఎక్కాలి. వరుసలో తన ముందు ఒకమ్మాయి ఉండగానే నా చెయ్యి పట్టుకుంది. కాటా దగ్గర కూర్చున్నావిడ అంకె చదివి, గట్టిగానే చెప్పి, రాసుకుని, తలెత్తి నవ్వింది.

"స్ట్రాంగ్ గర్ల్. హెవీ వెయిట్. రేపు దంచెయ్" అంది ఇంగ్లిష్‌లో.

హన్నా కాటా దిగి నా వైపు నడిచి వస్తుంటే ఏడుస్తుందేమో అనుకున్నాను. "అమ్మా, ఆమె నా వెయిట్ చూసి హ్యాపీ అయింది" అంది ఆశ్చర్యంగా. ఆ రాత్రి ఇద్దరం తొందరగా పడుకున్నాం.

శనివారం ఉదయం జిమ్ నిండిపోయింది. ప్రేక్షకులకు టికెట్ పదిహేను డాలర్లు. బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యలో దళసరి చాప, దాని మీద వలయం. టోక్యోలో మట్టితో కట్టే ఎత్తైన బరి కాదు, పైన వేలాడే పైకప్పూ లేదు. అయినా మొదటి ఇద్దరూ వంగి చేతులు నేలకు పెట్టగానే నాకు ఒళ్లు జలదరించింది. టీవీలో ఢీకొన్న చప్పుడు వినపడుతుంది. ఇక్కడ అది పాదాల్లోంచి తెలిసింది. అమ్మాయిలు బిగుతు దుస్తుల మీద మవాషి కట్టుకుంటారు. మవాషి అంటే సుమోలో కట్టే గట్టి నడికట్టు. హన్నాకి వాళ్ల క్లబ్ కోచ్ లోరా కట్టింది. మీసాలో స్కూల్ టీచర్‌గా చేసే మనిషి, ఎక్కువ మాట్లాడదు. హన్నా విభాగంలో నలుగురే అమ్మాయిలు. ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురితోనూ తలపడాలి.

మొదటి ఆట నేను చూశానో లేదో కూడా తెలియదు, అంత తొందరగా అయిపోయింది. హన్నా భయంతో కళ్లు మూసుకుని ముందుకు దూకింది, ఎదుటి పిల్ల పక్కకు జరిగి మెడ మీద ఒక్కటి తట్టింది. హన్నా చాప మీద బోర్లా పడింది. లేచి తల వంచి నమస్కరించి, నేరుగా బయటి వరండాలోకి వెళ్లిపోయింది. నేను వెనకాలే పరుగెత్తాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఇంటికి పోదాం అమ్మా. అందరూ చూశారు. నేను ఫూల్ లాగా పడ్డా."

ఇరవై ఏళ్లుగా టీవీ ముందు కూర్చుని మల్లులకు సలహాలిచ్చినదాన్ని. చుబుకం కిందికి పెట్టు, కళ్లు తెరువు, నడుము దించు, అన్నీ నాలుక చివర ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ పిల్లకు అప్పుడు పనికిరాదని తెలుస్తూనే ఉంది. పక్కన కూర్చున్నాను.

"సరే, పోదాం. కీస్ నా దగ్గరే ఉన్నాయి" అన్నాను. "కానీ తర్వాత నీతో ఆడాల్సిన పిల్ల ఆరెంజ్ కలర్ క్లిప్ పెట్టుకుంది, చూశావా? ఇందాకటి నుంచి వాళ్లమ్మ చెయ్యి వదలట్లేదు. నువ్వొచ్చి చేతులు నేల మీద పెడితేగానీ ఆమె ఆట మొదలవ్వదు."

హన్నా ముక్కు తుడుచుకుని, "ఆమె కూడా ఏడ్చిందా?" అని అడిగింది.

"తెలీదు. వెళ్లి చూడు."

వెళ్లింది. ఆ రెండో ఆట ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఇద్దరూ ఢీకొని, ఒకరి నడికట్టు ఒకరు పట్టుకుని, భుజాల మీద తలలు ఆనించి అలాగే ఉండిపోయారు. కదలిక లేదు, ఊపిరి మాత్రం ఎగసిపడుతోంది. జిమ్ అంతా నిశ్శబ్దం. నేను లేచి నిలబడి తెలుగులో "వదలకు హన్నా, వదలకు!" అని అరిచాను. అందరూ నావైపు తిరిగారు. చివరికి హన్నా మడమ వలయం గీత దాటింది. ఓడిపోయింది. కానీ ఎదుటి పిల్ల వెంటనే పట్టు వదలకుండా, హన్నా పడిపోకుండా ఆపి, తర్వాత వదిలింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

మధ్యాహ్నం విరామంలో వెనక హాల్లో చాంకో అమ్ముతున్నారు. సుమో శిక్షణ శాలల్లో మల్లులు అందరూ కలిసి తినే కూరగాయలు, చికెన్, టోఫూల పులుసు అది. గిన్నెకు పన్నెండు డాలర్లు, ఇద్దరికి సరిపోతుంది. వడ్డిస్తున్న ఎమికో గారు డెబ్బై దాటిన జపనీస్ అమెరికన్. ఇందాక అరిచింది నేనే కదా అని గుర్తుపట్టి, అదనంగా రెండు ముక్కలు వేశారు. టోక్యో టోర్నమెంట్లు చూస్తారా అని అడిగాను. ఒక్కటీ వదలనన్నారు.

"ఆడవాళ్లని బరి ఎక్కనివ్వరు కదా. మీకు కోపం రాదా?"

ఆవిడ గరిట ఆపకుండానే చెప్పారు. "రాకేం? చాలా వస్తుంది. మా అన్నయ్య మీద కూడా నాకు నలభై ఏళ్లుగా కోపమే. అయినా ప్రతి ఆదివారం వాడికి వంట చేసి పంపిస్తాను. పంపినప్పుడల్లా వాడి తప్పేమిటో చెప్పే పంపిస్తాను."

హన్నా గిన్నెలోంచి తలెత్తి ఫక్కున నవ్వింది. ఇన్నేళ్లలో సుమో గురించి తను నా పక్కన కూర్చుని నవ్వడం అదే మొదటిసారి.

మూడో ఆట హన్నా గెలిచింది. కళ్లు తెరిచే ఉంచింది. నడుము దించి, రెండు అరచేతులూ ఎదుటి పిల్ల ఛాతీకి ఆనించి, ఒక్కో అడుగూ జరుపుకుంటూ గీత దాకా నెట్టి, గీత దాటగానే ఆగిపోయింది. ఎగరలేదు, చేతులు ఊపలేదు. తల వంచి నమస్కరించింది. నేను కూడా ఎగరకూడదని ఎంతో ప్రయత్నించాను. పక్కనున్నాయన కాఫీ ఒలికింది. మొదటి ఇద్దరికే మెడల్స్, హన్నాకి రాలేదు. రాలేదన్న సంగతి మర్నాడు తిరుగు ప్రయాణానికి కారెక్కేదాకా మాకిద్దరికీ గుర్తు కూడా రాలేదు.

బహుమతులు అయ్యాక కుటుంబాలవాళ్లు కావాలంటే బరిలోకి రావచ్చని మైకులో చెప్పారు. తండ్రులు, తమ్ముళ్లు దిగారు. నేను బ్యాగు సర్దుకుంటున్నాను. లోరా వచ్చి, "ఇరవై ఏళ్ల అభిమాని అట కదా, హన్నా చెప్పింది" అంది. నేను వద్దన్నాను. నా వయసు, నా నడుము, నా జీన్స్ అన్నీ సాకులు చెప్పాను. బరి మధ్యలోంచి హన్నా పిలిచింది.

"అమ్మా, రా. ఇక్కడ నిన్ను ఎవరూ ఆపరు."

బూట్లు విప్పాను. గీత దగ్గర కాసేపు ఆగిపోయాను. ఏ బరి గురించి ఇంత తెలుసో, దాన్ని నా పాదం ఎప్పుడూ తాకలేదు. లోపలికి అడుగుపెట్టి, తల వంచి, హన్నాకి ఎదురుగా వంగి కూర్చుని, చేతులు చాపకు ఆనించాను. దగ్గరనుంచి చూస్తే నా కూతురు కొండలా ఉంది. ఎంత అందంగా ఉందో.

"నిజంగా తొయ్యాలి. నటించావంటే ఊరుకోను" అన్నాను.

"ఓకే అమ్మా. సారీ ఇన్ అడ్వాన్స్."

తను కూడా చేతులు చాపకు ఆనించింది. నా బలమంతా పెట్టి తన భుజాన్ని ఢీకొన్నాను. తను కదల్లేదు. రెండు చేతులూ నా నడుము చుట్టూ వేసి, నన్ను నేల మీంచి పైకెత్తింది. కాళ్లు గాల్లో ఆడుతున్నాయి, ఎవరో చప్పట్లు కొడుతున్నారు, నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. అలాగే నడిచి, గీత దాటి, నన్ను మెల్లగా, రెండు పాదాలూ ఒకేసారి ఆనేలా కింద పెట్టింది. నేను నిలదొక్కుకునేదాకా చేతులు తీయలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి ఇంటికి చేరాం. నేను బయటి దేశం అభిమానిని. టోక్యోలో ఎవరూ నన్ను అభిప్రాయం అడగరు, అడగాలనీ లేదు. కానీ ఇష్టమైనదాని తప్పు ఒప్పుకోవడానికి ఆ దేశంలో పుట్టనక్కర్లేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఈ జులై టోర్నమెంట్‌ని హన్నా, నేను సోఫాలో పక్కపక్కనే కూర్చుని చూస్తున్నాం. మల్లులు ఢీకొన్నప్పుడు ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో తను నాకు చెబుతోంది. ఇరవై ఏళ్లు చూసినా నాకు తెలియని సంగతులవి. మధ్యమధ్యలో "దిస్ ఈజ్ స్టిల్ రాంగ్, ఓకే?" అని గుర్తుచేస్తోంది. ఓకే అంటున్నాను, నిజంగానే ఒప్పుకుని. ఏదో ఒకరోజు ఇద్దరం టోక్యో వెళ్లి పై వరుసలో కూర్చుని, గొంతు పోయేలా అరవాలని అనుకుంటున్నాం. ఏమని అరవాలో ఇంకా తేల్చుకోలేదు.

మీరూ ఇలాంటి పోటీకి వెళ్తుంటే ఒక్క సలహా. వదులుగా ఉండే ప్యాంటు, సులువుగా విప్పుకునే బూట్లు వేసుకుని వెళ్లండి, బహుమతులు అవ్వగానే లేచి వచ్చేయకండి. ఎవరో ఒకరు మిమ్మల్ని కూడా బరిలోకి పిలుస్తారు. అప్పుడు సాకులు చెప్పకండి.