వైరు తెగిన కీబోర్డు

పెన్నుతో గీసుకునే పెద్ద టాబ్లెట్ ఉంటే ల్యాప్‌టాప్ అక్కర్లేదని నమ్మి, ఉన్న ల్యాప్‌టాప్ అమ్మేసి మరీ కొన్నాను. మెషిన్ల డ్రాయింగులు గీయడం నా పని. ఈ రోజు పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీకి మొదటిసారి దాన్ని తీసుకెళ్లాను. లోపల మెషిన్ ఆగిపోయి ఉంది, మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ యాదగిరన్న ఆపాడు. అక్కడ ల్యాప్‌టాప్‌ను లోపలికి పోనిస్తారు, ఫోన్ మాత్రం గేటు దగ్గరే ఇచ్చేయాలి.

"ఇది ఫోనే గద సార్. జెర పెద్దగున్నది, గంతే."

"ఫోన్ కాదన్నా, ల్యాప్‌టాప్ పనంతా దీంట్లనే చేస్త."

"మరి బటన్లేవి?"

దాని కీబోర్డును బరువని పోతిరెడ్డిపల్లిలో ఇంట్లోనే వదిలేశాను. ఎండలో అటూ ఇటూ తిరిగాను. పెన్నుతో గేటు బొమ్మ గీసి చూపించాను. బాగుందన్నాడు కానీ, అసలు గేటు తీయలేదు. ఫోన్ మళ్లీ మోగింది. జాలేసిందేమో, తన గదిలోంచి వైరు తెగిన పాత కీబోర్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది చంకల పెట్టుకొని పోండ్రి. ఇగ ల్యాప్‌టాపే అని రాస్కుంట."

పని సగమే అయింది, రేపు మళ్లీ రమ్మన్నారు. సాయంత్రం కీబోర్డు తిరిగి ఇవ్వబోతే యాదగిరన్న తీసుకోలేదు.

"ఉంచుకోండ్రి సార్. రేపు నా డ్యూటీ లేదు."

ల్యాప్‌టాప్ ఉన్నప్పటికన్నా ఇప్పుడే నా బ్యాగు బరువుగా ఉంది. మీ గేటు దగ్గరైతే ఈ టాబ్లెట్‌ను ఏమని రాసుకుంటారు?