అనుమతి రాని విమానానికి నేనేసిన వేలిముద్ర

నా పేరు బీరమ్మ. ఆధార్ కార్డులో అరవై తొమ్మిదేళ్లని ఉందట, ఒకటి రెండు ఎక్కువే ఉంటాయి. మాది ధారూర్ స్టేషన్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలోని పల్లె. ఇంట్లో నేను, మరిది మల్లప్ప, అతని కూతురు స్వప్న, ఇరవై రెండు గొర్రెలు. నాకు చదువు రాదు. స్వప్న పరిగిలో బట్టల దుకాణంలో పని చేస్తూ, తను తిరిగిన ఊర్ల గురించి ఫోన్‌లో బ్లాగు రాస్తుంటుంది. ఈసారి నా ప్రయాణం రాయమన్నాను. చెప్పింది చెప్పినట్టే రాయాలని, రాసింది చదివి వినిపించాలని ముందే షరతు పెట్టాను.

ఈ ప్రయాణం నా చెల్లెలు సాయమ్మ కాలి కోసం మొదలైంది. తొమ్మిదేళ్లుగా ఆమె అరబ్బు దేశంలో ఒక చిన్న రేవు పట్నంలో, కూలీల మెస్సులో వంట చేస్తోంది. పని ఇచ్చినవాళ్ల కంట పడుతుందని ఊరి పేరు రాయవద్దంది. ఆమెకు షుగరు ఉంది. వేడి గంజి ఒలికి కాలు పుండైంది, రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఆ వేళ్లు తీసేయాలని డాక్టర్లు అన్నారు. సాయమ్మ వాళ్ల కాగితం మీద వేలిముద్ర వేయనంది. అది మొండితనం కాదు, మా ఇంటి కట్టడి. గొర్రెల మందుల కాగితమంటే నమ్మి మా అయ్య ఒంటరిగా వేలిముద్ర వేశాడు, రెండెకరాల చెలక పోయింది. ఇంటి మనిషి ఒకరు పక్కన కూర్చుని, కాగితం చదివించుకుని వింటేనే వేలికి సిరా అంటాలని మా అవ్వ ఆనాడే మాతో ఒట్టు వేయించుకుంది. "అక్క వచ్చినంక ఏస్త" అని సాయమ్మ ఆస్పత్రి మంచం మీద కూర్చుంది.

పాస్‌పోర్టు, వీసా అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. దారే లేదు. అక్కడికి పోవాలంటే మధ్యలో పరాయి పట్నంలో దిగి ఇంకో విమానం వెతుక్కోవాలి. బస్సు బోర్డే చదవలేని నేను అక్కడ ఎటు పోతాను? అప్పుడే తాండూరులో టికెట్లు అమ్మే సేటు ఒకతను, హైదరాబాద్ నుంచి నేరుగా ఆ పట్నానికే కొత్త విమానం మొదలవుతోందన్నాడు. ఎక్కితే దిగేది చెల్లె ఊర్లోనే. సీట్లు అయిపోతున్నాయంటే అక్కడికక్కడే టికెట్ తీసుకున్నాను. విమానం శుక్రవారమన్నారు. తర్వాత పై శుక్రవారమన్నారు. మూడు శుక్రవారాలు పోయాయి.

మూడో శుక్రవారం తర్వాతి సోమవారం, సంచిలో చెల్లె కోసం నేయించిన గొంగడి పెట్టుకుని బయలుదేరాను. విమానం ఉందంటే అటు నుంచి అటే పోవచ్చని నా ఆశ. పొద్దున ఏడు దాటాక ధారూర్‌లో ప్యాసింజరు ఎక్కితే తాండూరుకు పది రూపాయలు, ముప్పావు గంట. స్టేషన్ బయట నాపరాళ్లు కోసే మిల్లుల దుమ్ము చెట్ల మీద బూడిదలా పడి ఉంది. సేటు దుకాణం పదింటికి గాని తెరవడు. పక్క సందులో రొట్టెలు చేసే ఆమె దగ్గర కూర్చున్నాను. రెండు జొన్నరొట్టెలు, పుంటికూర నలభై రూపాయలు. ఆమె గొంగడి చూసి నవ్వింది.

"గొర్లు గూడ ఎక్కుతయా అవ్వా విమానం?"

"బొచ్చు ఒక్కటే ఎక్కుతది. దవాఖానల చలి మిషిన్లుంటయట, చెల్లెకు గప్పాలె."

ఆమె నవ్వు ఆపి ఇంకో రొట్టె వేసింది, డబ్బులు తీసుకోలేదు.

సేటు అగరుబత్తి వెలిగిస్తుండగానే అడిగాను. "సేటూ, నా విమానమేది?"

"అవ్వా, కంపెనీ సర్కారును అడిగింది. పర్మిషన్ రాలే. వస్తే ఎగురుతది."

"రోడ్డే పడని ఊరికి బస్సు టికెట్ కొడతరా ఎవరన్న?"

"అందరు గిట్లనే అమ్ముతరు. జర ఓపిక పట్టు, ఇంకో వారం."

"ఓపిక నాకున్నది సేటూ. పుండుకు లేదు."

"పోనీ, మారే విమానంల పంపిస్త."

"మధ్యల నా చెయ్యి ఎవరు పడతరు? నువ్వొస్తవా?"

అతను అగరుబత్తి పొగ వైపు చూశాడు. సర్కారు ఇవ్వాలంటే సర్కారునే అడుగుదామనుకున్నాను. నాకు తెలిసిన సర్కారు వికారాబాద్‌లో ఉంది. సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణి ఉంటుంది, ఎవరైనా పోయి అర్జీ ఇవ్వవచ్చు.

తాండూరు నుంచి వికారాబాద్‌కు బస్సులో గంటకు పైనే పడుతుంది. ఆధార్ చూపితే ఆడవాళ్ల దగ్గర టికెట్ డబ్బులు తీసుకోరు. బస్టాండు నుంచి కలెక్టరాఫీసు దూరం, షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. ఆటో నడిపే షరీఫ్ అడిగాడు. "అర్జీ రాయించినవా అవ్వా?"

"నోరున్నది."

"నోటికి స్టాంపు ఏయరు."

గేటు దగ్గర తనే నాలుగు ముక్కలు రాసిచ్చాడు, వచ్చేదాకా ఉంటానన్నాడు. పన్నెండున్నరకు నా వంతు వచ్చింది. బల్ల వెనక ఉన్న మేడం అంతా విని, టికెట్ కాగితం చూపించమంది. కింద చిన్న అక్షరాలున్న చోట వేలు పెట్టి పైకి చదివింది. విమానం ప్రభుత్వ అనుమతికి లోబడి ఉంటుంది, అనుమతి రాకుంటే నడవదు, ఈ సంగతి నాకు చదివి వినిపించారు, ఒప్పుకున్నాను అని ఉంది. దాని కిందే నా బొటనవేలు.

"నిజంగ చదివి వినిపించిన్రా అమ్మా?"

నేను బొటనవేలిని కొంగులో దాచుకున్నాను.

"ఇది కలెక్టరు చేతిల లేదమ్మా. ఢిల్లీల ఇయ్యాలె. ఢిల్లీ ఒక్కటి ఒప్పుకున్నా సాలదు, ఆ దేశం ఈ దేశం కూసోని వారానికెన్ని సీట్లో తేల్చుకోవాలె. నెలైతదో ఏడాదైతదో ఎవ్వరు చెప్పలేరు."

బయటకు వచ్చి ఆటోలో కూర్చున్నాను. షరీఫ్ నా ఫోన్‌లో సాయమ్మకు వీడియో కాల్ కలిపాడు.

"అక్కా, ఎక్కినవా?"

"లేదు. గా విమానం రాదు. నువ్వు ముద్ర ఎయ్యి సాయీ."

"నువ్వు పక్కన లేవు గదక్కా. అవ్వకిచ్చిన ఒట్టు మర్సినవా?"

"మర్సిన. టికెట్ కాయితం మీద నేనొక్కదాన్నే ఏసిన. చదివిచ్చుకోలే."

"నువ్వా?" అంది సాయమ్మ.

"నేనే."

అక్కడి నర్సు కాగితం తీసి హిందీలో చదివింది. షరీఫ్ ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు. మొదట రెండు వేళ్లన్న కాగితం అది కాదు, కొత్తది. మోకాలి కింద నుంచి కాలు తీయాలని ఉంది. ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను.

"ఇన్నవా సాయీ?"

"ఇన్న."

"నేను గూడ ఇన్న. ఎయ్యి."

ఫోన్‌లో ఆమె ముఖం కనబడలేదు. నీలం సిరా డబ్బా, దాని మీద వంకర బొటనవేలు కనబడ్డాయి. షరీఫ్ నన్ను స్టేషన్‌లో దింపి ఆటో డబ్బులు వద్దన్నాడు. సాయంత్రం బండిలో ధారూర్‌కు, చీకటి పడకముందే ఇంటికి చేరాను.

మర్నాడు కాలు తీశారు. చెల్లె బతికింది. ఇది రాస్తున్న రోజుకు కూడా ఆ విమానానికి అనుమతి రాలేదు. అడగడం కంపెనీ పని, ఇవ్వడమో మానడమో సర్కారు పని, దాన్ని నేను తప్పు పట్టను. అడిగినదాన్ని వచ్చినట్టు చెప్పి అమ్మినవాడిని మాత్రం వదలను, ఎక్కడైనా నిలబడి చెబుతాను. కానీ నన్ను నేను ఏమనాలి? చెల్లె కట్టడికి కట్టుబడి కాలు పోగొట్టుకుంది. ఆ కట్టడిని తప్పినదాన్ని నేను, రెండు కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

ఇలా పోవాలనుకునే వాళ్లకు ఒక్క మాట. ఇది నర్సు చెప్పింది, కాలు తీశాక. టికెట్ తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ సాయం కావాలని చెప్పి రాయించండి. మధ్య పట్నంలో ఒక మనిషి వచ్చి, చదువు రానివాళ్లను కూడా రెండో విమానం దాకా తోడుండి ఎక్కిస్తాడట. మూడు శుక్రవారాల ముందు ఈ మాట నాకెవరూ చెప్పలేదు. వచ్చే నెల ఆ దారినే పోతున్నాను. గొంగడి ఇంకా సంచిలోనే ఉంది.

పైన రాసిందంతా రెండుసార్లు చదివించుకుని విన్నాను. ఇది నా వేలిముద్ర.

బీరమ్మ, బొటనవేలి ముద్ర
సాక్షులు: స్వప్న, రాసి చదివినది
షరీఫ్, ఆటో డ్రైవరు, వికారాబాద్
మల్లప్ప, ఇంటి మనిషి, పక్కన కూర్చుని విన్నాడు