చూడని చెరువు

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో బెంగళూరులో ఒక చిన్న దినపత్రికలో నాకు ఉద్యోగం దొరికింది. ఏడాది పాటు పని చూసి, తర్వాత ఖాయం చేస్తామన్నారు. పదకొండు నెలలు గడిచాయి. మంచి ఎండాకాలంలో ఒక సోమవారం, పేజీలో జానెడు చోటు మిగిలిపోతే, ఆనేకల్ వైపు ఉన్న ఒక చెరువు గురించి రాసి నింపాను. ఏడాది పొడుగునా నీళ్లుంటాయనీ, ఎండ ఎక్కేవేళకు తూము దగ్గర కొర్రమీను పైకి వచ్చి పొర్లుతుందనీ రాశాను. ఆనేకల్‌లో మగ్గం నేసిన మా మేనమామ నా చిన్నప్పుడు చెప్పిన మాటలవి. ఆయన పోయి చాలా కాలమైంది. నేను ఆ చెరువు ముఖం కూడా చూడలేదు.

బుధవారం పొద్దున వార్తల పేజీలు చూసే పెద్దాయన నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు. సరిహద్దు తాలూకా తెలుగువాడు. గాలం వేయడమంటే ప్రాణం. యుద్ధం మొదలైనప్పటినుంచీ ఒక్క ఆదివారం కూడా సెలవు తీసుకోలేదు.

"ఏమప్పా, ఇంత మంచి చెరువు పెట్టుకోని నాకు ఒక్క మాట చెప్పలేదే? ఈ ఆదివారం పోదాం. నువ్వే దారి చూపించాల."

అప్పుడే చెప్పేయవలసింది. నోరు రాలేదు. రెండు నెలల కిందట నా పక్క బల్ల అతను, సభ వాయిదా పడిన సంగతి తెలియక, చప్పట్లతో సహా వార్త రాసి ఇచ్చాడు. పెద్దాయన ఆ సాయంత్రమే అతన్ని ఇంటికి పంపేశాడు. కేకలు వేయలేదు. చొక్కా గుండీ ఊడితే చెప్పినంత మెల్లగా చెప్పాడు.

ఆయన ఒక పాత ప్రూఫు కాగితం తిరగేసి పెన్సిలు తీశాడు.

"తూము ఏ దిక్కు?"

"తూర్పు సార్."

"అడుగు బురదా, గులకరాళ్లా?"

"బురదే."

"గట్టు మీద నీడ ఉండాదా?"

"చింతచెట్లు ఉండాయి సార్. నాలుగు."

అన్నీ వరసగా రాసుకున్నాడు. ఎన్నడూ చూడని గట్టు మీద నేను ఆ పొద్దున నాలుగు చింతచెట్లు నాటాను.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను.

"మీరు చేపను చూసింది పంచాంగంలో మీనరాశి బొమ్మేగా?" అంది. "పోయి ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఉద్యోగం పోతే?"

"పోతే ఇంట్లో కూచోని ఇంకా నాలుగు చెరువులు రాద్దురు లెండి."

నవ్వించాలనే అంది. కానీ నా కంచంలో అన్నం అలాగే ఉండిపోతే, తనూ కంచం ముందు కూర్చోలేదు.

గురువారం గాలాలు తెమ్మని పెద్దాయన నన్ను బళేపేట బజారుకు పంపాడు. యుద్ధం వల్ల ఓడల్లో వచ్చే సీమ సరుకు ఆగిపోయింది. ఇనుప సామాన్ల అంగడివాడు అటకమీద డబ్బాలన్నీ వెతికి, తుప్పు పట్టినవి ఏడు తీసి ఇచ్చాడు. పక్కనే నూలు అంగడి. అరుగు మీద మూట పెట్టుకుని ఆనేకల్ నేతగాడొకడు కూర్చుని ఉన్నాడు. చెరువు సంగతి అడిగాను.

"ఆ చెరువా? ఎండాకాలం నీళ్లు మోకాటికి దిగినాక తప్పెట కొట్టిస్తారు గదప్పా. ఊరంతా తట్టలూ బుట్టలూ ఎత్తుకోని దిగి ఒక్క దినంలో ఊడ్చేస్తారు. పోయిన వారమే అయిపోయ."

"కొర్రమీను ఏమీ మిగల్లేదా?"

"ఉండాది, వాళ్ల కడుపుల్లో!"

అంగడివాడు కూడా నవ్వాడు. నేను గాలాల పొట్లం జేబులో వేసుకుని నడిచాను. ముల్లు ఒకటి కాగితం చీల్చుకుని తొడకు గుచ్చుకుంటున్నా, ఆఫీసు చేరేదాకా తీసి సర్దుకోవాలని తోచలేదు.

శుక్రవారం చెప్పేద్దామని రెండుసార్లు ఆయన బల్ల దాకా వెళ్లాను. మొదటిసారి, గాలం దారానికి తేలే బెండుగా కట్టాలని దాచుకున్న నెమలి ఈక కాడ చూపించాడు. రెండోసారి, వాళ్ల ఇంట్లో చిత్రాన్నం చేసి ఇస్తామన్నారని చెప్పాడు. పెట్రోలు లేక బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు మిట్టల దగ్గర ఆగిపోతుంది, అందరూ దిగి తోయాలి, అందుకని తెల్లవారగానే బయలుదేరాలట. ఆ మనిషి కూనిరాగం తీస్తూ ప్రూఫులు దిద్దడం నేను చూసింది అదే మొదటిసారి. రెండుసార్లూ తలూపి నా బల్ల దగ్గరికి తిరిగి వచ్చాను.

శనివారం తెల్లవారగానే ఆయన ఇంటికి వెళ్లాను. వరండాలో దారానికి మైనం పూస్తున్నాడు. నిలబడే చెప్పాను: చెరువు నేను చూడలేదు, రాసిందంతా మా మామ మాట, చింతచెట్లు నా కల్పన, చేపలు పోయిన వారమే ఊరివాళ్లు పట్టేశారు.

ఆయన మైనం ముద్ద కింద పెట్టాడు.

"పట్టేసినారని నువ్వు చూసినావా?"

"లేదు సార్. బళేపేటలో ఒకాయన చెప్పినాడు."

"మళ్లా విన్నదే గదప్పా!"

ఆయన దారం ఉండ చుట్టి పక్కన పెట్టాడు.

"ఎనిమిదికి బస్సు ఉండాది. పో. చూసి, సాయంత్రం రా."

బస్సు మూడుచోట్ల ఆగింది, మూడుచోట్లా తోశాం. రోడ్డు మీద దిగి మైలు పైగా నడిచాను. చెరువు చాలా పెద్దది. మూడు వంతులు నేల బీటలు వారి ఉంది. బీటల మధ్య విరిగిన తట్ట ఒకటి, జనం తొక్కిన అడుగులు గట్టిపడి వేలకొద్దీ. తూము పడమర వైపు ఉంది. దాని ముందు గుంటలో కాస్త నీళ్లు. చెప్పులు విప్పి, పంచెతోనే దిగాను. అడుగు బురద కాదు, గులక. చింతచెట్టు ఒక్కటీ లేదు. ఒక గేదె నన్ను చూసి, నాకు చోటిస్తున్నట్టు పక్కకు జరిగింది.

దీపాలు పెట్టేవేళకు తిరిగి వచ్చాను. పెద్దాయన వరండాలోనే ఉన్నాడు. గాలపు కర్ర గుడ్డసంచిలో కట్టి గోడకు ఆనించి ఉంది. ఆయన ప్రూఫు కాగితం తీసి, బుధవారం అడిగినవే మళ్లీ వరసగా అడిగాడు. నేను చెబుతూ పోయాను, ఆయన ఒక్కొక్కటే కొట్టేసి పక్కన రాస్తూ పోయాడు.

"నీళ్లు ఎంత లోతు?"

"మోకాటికి పైన నాలుగు వేళ్లు సార్." పంచె మీద తడి ఆరి గీతలా మిగిలింది. దాన్నే చూపించాను.

ఆయన వంగి ఆ గీత చూశాడు. లోపలికి కేకేసి, రేపటి ప్రయాణం లేదని చెప్పాడు. తర్వాత కాగితం నా చేతికిచ్చాడు.

"పోయి సవరణ రాయి. నువ్వే రాయాల. అదే పేజీలో, అదే చోట వేస్తాం."

"నా ఉద్యోగం సార్..."

"సోమవారం పేజీకి సవరణ రాసే మనిషి కావాల గదప్పా నాకు."

ఆఫీసుకు నడిచి, అదే జానెడు చోటుకు రాయడానికి కూర్చున్నాను. ఈసారి పది పంక్తులకే మాట అయిపోయింది. మిగిలిన చోటును పెద్దాయన ఖాళీగానే వదిలేశాడు.