హారన్‌కు ఆడే గుర్రం

మా తమ్ముడికి ఒక తెల్ల గుర్రం ఉండేది. పెండ్లి బారాత్‌లకు దాన్ని తీసుకుపోయేవాడు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఎక్కడ పెండ్లి జరిగినా పెండ్లికొడుకు దాని మీదే ఊరేగాలనేవారు, ఎందుకంటే అది ఆడేది. డప్పు చప్పుడు చెవిన పడితే చాలు, మెడ వంచి, ముందు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుతూ ఉన్నచోటే అడుగులు వేసేది. వాడే నేర్పిన ఆట అది. ఆ ఆటతోనే వాడి ఇంట్లో పొయ్యి వెలిగేది.

నేను అదే రోడ్డు మీద బస్సు కండక్టర్‌ని. అందుకని ఆ గుర్రం పడే పాట్లు బస్సులోంచే చూసేదాన్ని. దాన్ని వేరే బండిలో ఎక్కించుకుపోయే స్తోమత తమ్ముడికి లేదు. ఏ ఊరి పెండ్లికైనా దాని మీదెక్కి రోడ్డు వెంటే పోయేవాడు. మా దగ్గర పెండ్లి ముహూర్తాలూ, యాసంగి కోతలూ ఒకేసారి వస్తాయి. రైతులు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. మిగిలిన సగంలోనే బస్సులూ, లారీలూ, ఆటోలూ, మా తమ్ముడి గుర్రమూ.

డప్పుకూ పాటల హారన్‌కూ గుర్రానికి తేడా తెలియదు. వెనక ఏ లారీయో ఆ హారన్ మోగిస్తే నడక ఆపి, రోడ్డు నడుమనే ఆట మొదలుపెట్టేది. తమ్ముడు కళ్లెం లాగినా ఆపేది కాదు. బారాత్‌లో పటాకులు పేలినా ఆట ఆగొద్దని నేర్పిందీ వాడే కదా. ఈ సంగతి మొదట ఒక డ్రైవర్‌కు తెలిసింది, తర్వాత అందరికీ. గుర్రం కనిపిస్తే చాలు, హారన్. మా బస్సులో వాళ్లు కూడా లేచి నిలబడి ఫోన్లు తీసేవారు. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ నాలుగూ ఏమిటో నాకు తెలియదు గాని, ఐదోది నా కళ్ల ముందే తయారవుతోందని భయమేసేది.

రోడ్డు భద్రత మీద బస్టాండులో మీటింగ్ పెట్టినప్పుడు లేచి అడిగాను. హెల్మెట్ గురించి చెప్పారు, బెల్టు గురించి చెప్పారు, గుర్రం కనిపిస్తే ఏం చేయాలో కూడా చెప్పండి అన్నాను. వచ్చిన పెద్దసారు నవ్వి, గుర్రాలకు లైసెన్సులు లేవు కదమ్మా అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి టీ కొట్టు దగ్గర కనిపించిన ప్రతి డ్రైవర్‌కూ నేనే చెప్పడం మొదలుపెట్టాను. గుర్రం కనిపిస్తే మెల్లగా పొండి, హారన్ ముట్టకండి, కారు పట్టేంత జాగా వదిలి దాటండి, దాటగానే ఇంజిన్ రేజ్ చేయకండి. సరే అక్కా, అనేవారు. గుడ్డి గుర్రానికి పండ్లు తోముతున్నవా అని ఒకాయన వెక్కిరించాడు. మా బస్సు డ్రైవర్ మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. కాకపోతే మేం నెమ్మదించినప్పుడల్లా వెనక బండ్లన్నీ హారన్లు అందుకునేవి.

ఇక ఆట మాన్పించమని తమ్ముడి వెంట పడ్డాను. వాడూ మాన్పించి చూశాడు. చెవుల్లో దూది పెడితే, వినపడని బండి పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా బెదిరి వడ్లలోకి ఉరికేది. రైతులు తిట్టేవారు. కొన్నాళ్లు డప్పు వినిపించకుండా ఉంచితే, ఒక పెండ్లిలో కట్టెలా నిలబడింది. ఆ ఊరివాళ్లు మళ్లీ పిలవలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది వాడి బతుకు.

ఒకరోజు పట్టపగలు, లింగంపేట దాటాక మా బస్సు ఆగిపోయింది. ముందు బండ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. దిగి ఉరికాను. గుర్రం పక్కకు ఒరిగి పడి ఉంది. ఆడుతూ ఆడుతూ గిట్టలు వడ్ల మీద జారి, పక్కనున్న డీసీఎం లారీ చక్రం కింద పడ్డదట. వెనక కాలు నుజ్జయింది. తమ్ముడు దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డీసీఎం నడిపినతను టీ కొట్టు దగ్గర నేను చెప్పినవాళ్లలో ఒకడే. ఏడుస్తూ నా ముందుకొచ్చాడు.

"నువ్వు చెప్పినట్టు మెల్లగనే వచ్చినక్కా. జాగ గూడ ఇడిచిన. ఒక్కపారి ఆడితే చూద్దామని హారన్ కొట్టిన, గంతే. ముద్దుగ ఆడుతది గద."

తిడదామనే అనుకున్నాను, కాని అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ గుర్రమంటే ఆ రోడ్డు మీద అందరికీ ఇష్టమే. కోపమున్నవాడికైతే నచ్చజెప్పొచ్చు, ఇంత ఇష్టమున్నవాడికి ఏం చెప్పను? పశువుల డాక్టర్ వచ్చి ఆ కాలు ఇక నిలవదన్నాడు. సాయంత్రానికి దాని ప్రాణం పోయింది.

మొన్న తమ్ముడింటికి పోయాను. పెరట్లో ఒక గుర్రప్పిల్ల కట్టేసి ఉంది. వాడు దాని ముందు కూర్చుని డప్పు కొడుతున్నాడు. అది చెవులు నిక్కించి చాలాసేపు చూసి, కుడి కాలు ఎత్తి, దెబ్బకు సరిగ్గా దించింది. నాకు ఏడుపు ఆగలేదు. వాడి చేయి పట్టుకుని, దీనికి నేర్పకు తమ్మీ అన్నాను.

వాడు మెల్లగా చేయి విడిపించుకున్నాడు. "ఆడకపోతే దీన్నెవలు పిలుస్తరక్కా? ఆడితే ఎన్ని దినాలు బతుకుతదో నాకూ ఎరుకే" అని, మళ్లీ డప్పు అందుకున్నాడు.