ఊడ్చే మనిషి లేని వీధి

అంజద్ నిచ్చెన మీది నుంచి పడి భుజం విరిగాక, నారాయణఖేడ్‌లో దుకాణాల బోర్డులు రాసే పని అతని భార్య ఆబెదా మీద పడింది. పదిహేనేళ్లుగా అతనికి రంగులు కలిపి ఇచ్చింది ఆమే గనుక కుంచె ఆమెకు కొత్త కాదు. మొదట్లో నిచ్చెనెక్కిన ఆడమనిషిని చూడటానికి బస్‌డిపో దగ్గర జనం ఆగేవాళ్లు. ఆమె పట్టించుకోలేదు. కొన్నాళ్లకు వాళ్లే ఆగడం మానేశారు.

2006 ఎండాకాలంలో శివశంకర్ అనే ఆయన తాను కొత్తగా కట్టిన ప్రైవేటు బడికి ఆమెను పిలిపించాడు. చేతిలో పాత క్యాలెండరు నుంచి కత్తిరించిన బొమ్మ ఉంది. నూటముప్పై ఏళ్ల కిందట ఎవరో చిత్రకారుడు వేసిన నగర వీధి. బడి ముందుగోడ నిండా అదే కావాలన్నాడు.

ఆబెదా ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి రెండు రోజులు చూసింది. మేడల ముందు గుర్రపు బగ్గీ, అందులో పెద్దమనుషులు. వాళ్లకు చిత్రకారుడు వేసింది బూడిదరంగు. పండ్లమ్మేవాడి పందిరికి పసుపు, తోలుతిత్తిలో నీళ్లు మోసేవాడి తలపాగాకు నీలం. అన్నిటికన్నా మెరిసే ఎరుపు మాత్రం, ఓ మూల వీధి ఊడుస్తున్న ఆడమనిషి రవికెకు దక్కింది.

"చూసినవా, ఏ రంగు ఎవరికియ్యాల్నో గాయినకు ఎరుకే" అంది అంజద్‌తో.

కాగితంలో ఆ మనిషి ముఖం నువ్వుగింజంత. గోడ మీదనేమో నిలువెత్తు. అందుకని రోజూ బడి ఆవరణ ఊడ్చే హన్మమ్మను చూసి ఆ ముఖం గీసింది. హన్మమ్మ చీపురు పక్కన పెట్టి చాలాసేపు గోడ ముందే నిలబడింది.

"నన్ను ఫోటో గూడ ఎవ్వలు దియ్యలే అక్కా" అంది.

పన్నెండో రోజు శివశంకర్ చూడవచ్చాడు. "మంచిగ కుదిరింది. గా ఊడ్చేదాన్ని తీసెయ్. అడ్మిషన్లకు వచ్చేటోళ్లు ముందుగాల చీపురు చూడాల్నా?"

హన్మమ్మ పక్కనే ఉంది. ఆయన ఆమె వైపు తల కూడా తిప్పలేదు.

"కాగితంల ఉన్నదే గీసిన సారు."

"అక్కడ పూలచెట్టు పెట్టు."

"వీధి గంత సాఫ్‌గ ఎట్లున్నది మరి? బగ్గీల కూసున్నోళ్లు దిగి ఊడ్చిన్రా?"

"గోడ నాది ఆబెదా."

"గోడ నీదే. చెయ్యి నాది. అది ఆమెను తుడువది."

కుంచెలు కడుక్కుని వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత అటుగా వస్తే, ఎర్ర రవికె ఉన్నచోట తెల్లటి సున్నం మచ్చ కనిపించింది. బొమ్మ కింద తను రాసుకున్న పేరు మాత్రం అలాగే ఉంది. ఆబెదాకు ఒళ్లు మండిపోయింది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్లు చూస్తుండగానే లోపలికి నడిచి, మూలన సున్నం బకెట్ పక్కనున్న రేకుముక్క తెచ్చి తన పేరు గీకేసింది.

"మనిషిని మాయం జేసిన బొమ్మ కింద నా పేరేంది?" అని అందరికీ వినపడేలా అడిగింది. శివశంకర్ ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు అటు తిరిగాడు.

ఆబెదా వేసిన నూనెరంగు మీద సున్నం నిలవదు. ఆ సంగతి శివశంకర్‌కు తెలియదు, ఆమె చెప్పలేదు. మొదటి వానకే పెచ్చులూడి హన్మమ్మ ముఖం బయటపడింది. మళ్లీ సున్నం కొట్టించాడు. మళ్లీ రాలింది. చివరికి జహీరాబాద్ నుంచి ఎవరినో పిలిపించి, నూనెరంగుతోనే అక్కడ పూలచెట్టు వేయించాడు.

"పోనీ అక్కా, రెండు వానలకన్న కనవడ్డ గద" అంది హన్మమ్మ.

"పోనీ అనకు హన్మమ్మా. నువ్వు పోనీ అంటెనే వాళ్లకు ఆసాన్ అయితది."

తర్వాత ఫ్లెక్సీలు వచ్చి బోర్డు పని సన్నగిల్లింది. దాని గురించి ఆబెదా ఎవరి దగ్గరా వాపోలేదు. తానెక్కిన సిర్గాపూర్ ఆటో ఆ గోడ ముందు నుంచి పోయినప్పుడు మాత్రం, పక్కన ఎవరు కూర్చున్నా సరే, వేలెత్తి చూపిస్తుంది.

"గా చెట్టు కింద ఒక మనిషి ఉన్నది. నేనే గీసిన."